మబ్బుల మీది కోట ఎక్కి అడిగిన మాట

మా ఆయన సురేందర్ వచ్చే మార్చిలో ఆక్లాండ్ తిరిగొస్తాడా, లేక ఇంకో రెండేళ్ళు జపాన్‌లోనే ఉండిపోతాడా? ఈ ఒక్క ప్రశ్న అడగడానికి నేను పదకొండు గంటలు విమానంలో, ఐదు గంటలు రైళ్ళలో కూర్చుని, చివరికి నాలుగు వందల ముప్పై మీటర్ల ఎత్తున్న కొండ మీది కోట ఎక్కాను. ఫోన్‌లో అడగొచ్చు కదా అంటారు. మా సంగతి మీకు తెలీదు.

మా ఇద్దరికీ ఒక జబ్బుంది. దాని పేరు ‘నీ ఇష్టం’. ఆదివారం పొద్దున్న ఏం చెయ్యమంటావంటే నీ ఇష్టం అంటాడు. నీకేం తినాలనుంది అని అతను అడిగితే నీ ఇష్టం అంటాను. చివరికి ఇద్దరికీ అక్కర్లేని ఉప్మా తింటాం. ఆక్లాండ్ మౌంట్ ఆల్బర్ట్‌లో మా ఫ్లాట్‌కి ఆవపిండి రంగు సోఫా ఒకటి కొన్నాం. అది నాకూ నచ్చలేదు, అతనికీ నచ్చలేదని మూడేళ్ళ తర్వాత తెలిసింది. నాది కాకినాడ, అతనిది నిజామాబాద్. యాసలు వేరైనా పెంపకం ఒక్కటే. చుట్టాలింటికి వెళ్తే ఆకలితో కడుపు మాడుతున్నా ‘ఇప్పుడే తిన్నామండీ’ అనడం, మూడుసార్లు బతిమాలితే గాని రెండో గరిటె వేయించుకోకపోవడం మర్యాదని నేర్చుకుని పెరిగాం.

సురేందర్ న్యూజిలాండ్ ఫ్యాక్టరీల్లో పాలపొడి ప్యాకింగ్ యంత్రాలు బిగించేవాడు. ఆ యంత్రాలు తయారయ్యేది జపాన్‌లో, ఒకాయమా దగ్గర. ఏడాదిన్నర కిందట అక్కడికి రమ్మని పిలిచారు. “పోవాల్నా?” అని అడిగాడు. అడిగాడంటే వెళ్ళాలనుందేమో అనుకుని “నీ ఇష్టం, మంచి అవకాశమేగా” అన్నాను. నేనలా అన్నానంటే పంపాలనుందేమో అని అతననుకున్నాడు. అంతే, వెళ్ళిపోయాడు. అప్పటినుంచి మాకు రోజుకు పది నిమిషాలు. వాళ్ళ ఫ్యాక్టరీలో మధ్యాహ్నం మూడింటికి చిన్న విరామం ఇస్తారు. అప్పుడు ఆక్లాండ్‌లో చలికాలమైతే ఆరు, గడియారాలు గంట ముందుకు తిప్పే ఎండాకాలమైతే ఏడు. నేను పని చేసే మందుల షాపు నుంచి వచ్చి, మా వెనక కొండెక్కుతూ మాట్లాడతాను. ఒకప్పుడు ఇక్కడి మూలవాసులు మావోరీలు కోట కట్టుకుని బతికిన కొండ అది. గట్లుగట్లుగా చెక్కిన ఆనవాళ్ళు ఇప్పటికీ గడ్డి కింద కనిపిస్తాయి. కుక్కల్ని తిప్పేవాళ్ళకి నా తెలుగు అలవాటైపోయింది.

మొన్న అక్టోబరులో ఒక సాయంత్రం “ఇంకో రెండేండ్లు ఉండుమంటున్నరు” అన్నాడు. నేను మళ్ళీ అదే మాటన్నాను. అని, వాషింగ్ మెషిన్ కారుతున్న సంగతి చెప్పాను. ఆ తర్వాత మరో రెండుసార్లు అడిగాడు. ఒక్క మాటే వచ్చిన పిల్లలా అదే జవాబు. శాండ్రింగ్‌హామ్ రోడ్డులో పచ్చళ్ళు చేసి అమ్మే నెల్లూరు ఆంటీ ఒకావిడుంది. నా మొహం చూసి కనిపెట్టేసింది. “ఏందమ్మా, ఎప్పుడొస్తాడు మీ ఆయన?” అంది. తెలీదాంటీ అన్నాను. “మొగుడు ఎప్పుడొస్తాడో తెలీదా! ఫోన్లో నాన్చుడు ఆపి, ఆడికి పొయ్యి, ఎదురుగా కూచొని అడుగు” అని గోంగూర పచ్చడి డబ్బా చేతిలో పెట్టింది. ఆ వారమే టికెట్ కొన్నాను.

వెళ్ళాలనుకునే వాళ్ళ కోసం దారి చెబుతాను. మేం చూసింది బిచ్చూ మత్సుయామా కోట. తర్వాత మళ్ళీ కట్టినవి కాకుండా, పాత కాలపు కట్టడమే నిలిచి ఉన్న కోటలు జపాన్‌లో పన్నెండే మిగిలాయట. వాటిలో అన్నిటికన్నా ఎత్తున ఉన్నది ఇదే. ఆక్లాండ్ నుంచి టోక్యో నరితాకి నేరుగా విమానం ఉంది. నవంబరు నడుమ రానూ పోనూ నాకు పదిహేడు వందల డాలర్లయింది. టోక్యో నుంచి ఒకాయమాకి బుల్లెట్ రైలు మూడుంబావు గంటల పైచిలుకు, పదిహేడు వేల యెన్ల పైమాట. అక్కడి నుంచి బిచ్చూ తకహాషి అనే చిన్న ఊరికి మామూలు రైల్లో గంట లోపే. నది పక్కనే వెళ్తుంది, కిటికీ సీటు వదులుకోకండి. మబ్బుల మీద తేలుతున్నట్టున్న ఆ కోట పోస్టర్‌ని సురేందర్ జపాన్ వెళ్ళిన మొదటి వారమే ఫొటో తీసి నాకు పంపాడు. “నువ్వొచ్చినంక ఎక్కుదాం” అని కింద రాశాడు.

ఏప్రిల్‌లో అతను సెలవుకి వచ్చి వెళ్ళాక, మళ్ళీ ఏడు నెలలకి ఒకాయమా స్టేషన్‌లో ఒకరినొకరం చూసుకున్నాం. పరిగెత్తి వాటేసుకోవడాలేం లేవు. రెండడుగుల దూరంలో ఆగిపోయి చూసుకుంటూ నిలబడ్డాం. “సన్నవడ్డవ్” అన్నాడు. “నువ్వు లావయ్యావు” అన్నాను. పెట్టె నా చేతిలోంచి లాక్కున్నాడు. అతని షర్టు కాలరు దగ్గర నాకు తెలియని సబ్బు వాసన వచ్చింది. తకహాషి స్టేషన్ దగ్గర చిన్న సత్రంలో దిగాం. ఇద్దరికీ పొద్దుటి భోజనంతో కలిపి పదిహేను వేల యెన్లు. ఆ రోజుకి ప్రయాణ బడలిక అని నాకు నేనే చెప్పుకుని ఏమీ అడగలేదు.

మబ్బుల్లో కోటని చూడాలంటే కోటకి వెళ్ళకూడదు. ఎదురుగా ఉన్న ఇంకో కొండ మీద, దూరం నుంచి చూడ్డానికి కట్టిన అరుగు దగ్గరికి తెల్లవారేలోగా చేరాలి. అక్కడికి బస్సు లేదు. సత్రం వాళ్ళు ముందు రోజే టాక్సీ చెప్పి పెట్టారు. తీసుకెళ్ళి, ఆగి, తీసుకొచ్చినందుకు ఏడు వేల యెన్లకి కాస్త తక్కువ తీసుకున్నాడు. ఆరింటికల్లా వచ్చిన డ్రైవరుకి డెబ్బై ఏళ్ళుంటాయి, చేతులకి తెల్ల గ్లవ్స్. ఈ రోజు మబ్బు పడుతుందా అని సురేందర్ చేత అడిగించాను. ఆయన అద్దం దించి గాలి పీల్చి ఏదో అన్నాడు. “నిన్న ఎండ గొట్టింది, రాత్రి చలివెట్టింది, వడ్తదంటున్నడు” అని సురేందర్ చెప్పాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకుంటూ నవ్వుకున్నారు. నేను వెనక సీట్లో కూర్చుని నా మొగుడు నాకు రాని భాషలో నవ్వడం చూస్తూ ఉన్నాను.

అరుగు మీద పదిమందిదాకా కెమెరాలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. ముందంతా తెలుపు. లోయ లేదు, ఊరు లేదు, కోట అసలే లేదు. డ్రైవరు చేతులు వెనక్కి కట్టుకుని, మబ్బు మరీ ఎక్కువైందని బాధపడ్డాడు, అది ఆయన తప్పన్నట్టు. సూర్యుడు పైకొచ్చి అరగంటైంది. ఇక పోదామనుకుంటుంటే తెలుపులోంచి ఒక నల్లటి కప్పు అంచు బయటికొచ్చింది. తర్వాత తెల్ల గోడ. అరచేతిలో పట్టేంత కోట, కింద ఏ ఆధారం లేకుండా అలా నిలబడి ఉంది. నేను సురేందర్ చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను. “ఏడాదిన్నర ఇంత దగ్గర్లో ఉండి ఒక్కసారి కూడా చూడలేదా?” అన్నాను. “నీతోని సూద్దామని” అన్నాడు. అప్పుడడగాల్సింది. నోటి దాకా వచ్చింది. పక్కన కెమెరాలు టకటకమంటున్నాయి, డ్రైవరు గడియారం చూసుకుంటున్నాడు. పది నిమిషాల్లో మబ్బు మళ్ళీ కమ్మేసింది.

దిగుతూ డ్రైవరు ఆ కోట ఎలా మిగిలిందో చెప్పాడు. రాజుల కాలం పోయాక ప్రభుత్వం కోటలన్నీ కూల్చెయ్యమందట. దీన్ని ఎవరో కారుచౌకగా కొన్నారు గాని, అంత ఎత్తు నుంచి కలప దించడం తమ వల్ల కాదని అలాగే వదిలేశారు. కప్పు కూలింది, లోపల చెట్లు మొలిచాయి. చాలా ఏళ్ళకి ఊరివాళ్ళే బాగు చేసుకున్నారు. బడి పిల్లలు పెంకులు వీపున మోసుకుని కొండెక్కారట. “ఈయన నాయన గూడ మోసిండట, ఒగ పెంకు కింద వడేసి తన్నులు తిన్నడట” అని సురేందర్ అనువాదం చేశాడు. ఆయనేమో అద్దంలోంచి నన్నే చూస్తూ, నేనెప్పుడు నవ్వుతానా అని ఎదురు చూశాడు. నవ్వాను.

పొద్దున్నే కోటకి కూడా వెళ్ళిపోదామనుకున్నాం గాని, సురేందర్‌కి సగం రోజే సెలవిచ్చారు. పన్నెండున్నర దాకా సత్రం గదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. కాగితం తలుపుకి ఇవతల నేను టీ తాగుతూ అతని గొంతు విన్నాను. ఆక్లాండ్‌లో ఆఫీసు ఫోనొస్తే నసిగేవాడు. ఇక్కడ గలగలా మాట్లాడుతున్నాడు, జోకులేస్తున్నాడు, అవతలివాళ్ళు పడీపడీ నవ్వుతున్నారు. సంతోషించాల్సింది పోయి నాకు కుళ్ళొచ్చింది. ఉన్న మాట చెబుతున్నాను.

కోటకి స్టేషన్ నుంచి షేర్ టాక్సీలు రోజుకి నాలుగే. ముందు రోజు సాయంత్రం ఐదులోపు చెప్పి ఉంచాలి. మేం మధ్యాహ్నం రెండుకి కాస్త ముందు బయల్దేరే దానిలో వెళ్ళాం. కొండ మధ్యలో ఒక మలుపు దగ్గర దింపేస్తారు, అక్కడినుంచి ఏడు వందల మీటర్లు నడక. ఇరవై నిమిషాలని బోర్డు మీద ఉంది, మాకు ముప్పై ఐదు పట్టింది. దారిపొడుగునా కోట దొర పేరిట హెచ్చరికలు నిలబెట్టారు. సురేందర్ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, నాకు దొర గొంతుతో వినిపించాడు. “ఇక్కడినుండి అడుగు జాగ్రత్తగ వెయ్యవలెను, ఇట్లు కోట దొర!” నేను పొట్ట పట్టుకుని నవ్వి ఒక రాయి మీద కూలబడ్డాను. ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందో. రేపు సాయంత్రం మళ్ళీ రైలెక్కాలని అప్పుడే గుర్తొచ్చింది. లేచి నడిచాను.

ఆకులు ఎర్రబడ్డ చెట్ల మధ్య నుంచి హఠాత్తుగా రాతి గోడలు లేస్తాయి. ఒకదాని మీద ఒకటి, కొండ బండల్నే పునాది చేసుకుని కట్టిన గోడలు. లోపలికి టికెట్ ఐదు వందల యెన్లు. కోటకి కాపలాగా ఒక పిల్లి ఉంది. వచ్చినవాళ్ళలో సగం మంది దాని కోసమే వస్తారు. మేం వెళ్ళేసరికి అది ఎండలో వెల్లకిలా పడుకుని, పదిమంది వంగి వంగి ఫొటోలు తీస్తున్నా కన్ను తెరవలేదు. అసలు కోట బురుజు చిన్నది, రెండంతస్తులే. చెప్పులు విడిచి వెళ్ళాలి, చెక్క నేల మంచులా చల్లగా ఉంటుంది, మందపాటి మేజోళ్ళు వేసుకోండి. కింద నేలలోనే రాతితో కట్టిన పొయ్యి ఉంది. దాని వెనక కాస్త ఎత్తుగా ఒక గది. శత్రువులు చుట్టుముట్టి ఇక దారి లేనప్పుడు దొర కుటుంబం చివరిగా చేరే గది అది. ఆ గది పక్కన, చెక్క ఊచల కిటికీ కింద కూర్చున్నాం. చుట్టూ ఎవరూ లేరు.

“మార్చిలో వస్తున్నావా, లేదా?” అన్నాను.

సురేందర్ కిటికీలోంచి బయటికి చూశాడు. “సంతకం వెట్టిన వాసూ” అన్నాడు. నా పేరు వాసంతి. “పన్నెండు రోజులైంది. రెండేండ్లు.”

“నాకు చెప్పకుండానా?”

“చెప్పకుండ ఎట్లుంటది? మూడుసార్లు అడిగిన గదా. మూడుసార్లు నీ ఇష్టమన్నవ్, నాకేం ఇబ్బంది లేదన్నవ్.”

“ఇబ్బంది లేదంటే నమ్మేస్తావా?” నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “ఎనిమిదేళ్ళు కాపురం చేశావు, ఆ మాత్రం తెలీదా? రోజూ ఏడింటికి కొండెక్కి ఒక్కదాన్నే గాలిలో అరుచుకుంటుంటే, ఇది బావుందని చేస్తున్నాననుకున్నావా? మనిషివా, యంత్రానివా!” ఆ చెక్క గోడల మధ్య ఎంత గట్టిగా మోగిందంటే, టికెట్లిచ్చే పెద్దాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. నా కళ్ళు చూసి కంగారుపడి, మడత కుర్చీ ఒకటి తెచ్చి వేసి, చేతులతో ఊపిరి పీల్చుకోమని సైగ చేశాడు. “గింత ఎత్తెక్కితె కండ్లు తిరిగినయా అని అడుగుతున్నడు” అన్నాడు సురేందర్. ఏడుస్తూనే నాకు నవ్వొచ్చింది. తిరిగాయని చెప్పమన్నాను. పెద్దాయన వంగి వంగి వెళ్ళిపోయాడు.

కుర్చీలో నేను, నేల మీద అతను. నేనే అడిగాను. “రమ్మంటే వచ్చేవాడివా?”

“రమ్మంటవేమో అని రెండు వారాలు ఆ కాయిదం సంచిల వెట్టుకొని తిరిగిన” అన్నాడు. “రోజు మూడింటికి అదే పట్టుకొని కూసునేది. నువ్వేమో వాషింగ్ మెషిన్ ముచ్చట జెప్తివి.”

ఇంత దూరం వచ్చి ఈ మాట వింటాననుకోలేదు. నన్ను ఎవరైనా కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ‘రా’ అని ఒక్క మాట, ఒక్క అక్షరం, అక్టోబరులో అని ఉంటే సరిపోయేది. అప్పుడు చెప్పాను, సిగ్గు విడిచి, ఆలస్యమైనా సరేనని. “నువ్వు రా. నువ్వు లేక నాకు బాలేదు. ఒక్కదాన్నే వండుకోవడం బాలేదు, నిద్రలేవగానే నీ పక్క ఖాళీగా ఉండటం బాలేదు. నువ్వు నాకు కావాలి.” పెళ్ళైన ఎనిమిదేళ్ళలో ‘కావాలి’ అన్న మాట నేను అతనితో అనడం అదే మొదలు.

అతను నేల మీది చెక్కల్ని వేలితో రుద్దుతూ, “నేనూ జెప్పాల్నా?” అన్నాడు. చెప్పమన్నాను. “నాకు ఈడ మంచిగున్నది వాసూ. పని నచ్చింది. ఆక్లాండ్ల నేను మిషన్లు బిగించేటోన్ని, ఈడ తయారు జేస్తున్న. నేను ఏదన్న జెప్తే ఇంటున్నరు. నువ్వే ఈడికి రా. ఇద్దరం ఉందాం.”

నాలుక చివరిదాకా పాత మాటే వచ్చింది. నీ ఇష్టం అంటే అక్కడితో తేలిపోయేది. మింగేశాను. ఫిబ్రవరిలో నా ట్రైనింగ్ ఏడాది మొదలవుతుంది. ఇండియాలో చదివిన ఫార్మసీ న్యూజిలాండ్‌లో పనికిరాదంటే, ఆరేళ్ళు షాపులో డబ్బాలు సర్దుతూ చదివి పరీక్ష పాసయ్యాను. ఈ ఏడాది పూర్తయితే నా పేరుతో మందులివ్వొచ్చు. “రాలేను” అన్నాను. అతని మొహం చిన్నబోయింది. అయినా నన్ను తప్పుపట్టలేదు. “ఎర్కనే” అని మాత్రం అన్నాడు. అప్పుడర్థమైంది, ఇన్నేళ్ళు ఆ మాట చాటున మేం దేన్నుంచి దాక్కున్నామో. అడిగితే అవతలివాళ్ళు కాదంటారేమో అన్న భయం నుంచి. కాదనడం విన్నాం, ఇద్దరమూ విన్నాం. కోట కూలలేదు.

పెద్దాయన వచ్చి నాలుగున్నరకి మూసేస్తామని చెప్పేసరికి కింద ఆఖరి షేర్ టాక్సీ వెళ్ళిపోయి గంటైంది. ఊరి దాకా నడిచే దిగాం, గంటంబావు. ఆకులు తడిగా ఉండి జారుతున్నాయని చెయ్యి పట్టుకున్నాడు, రోడ్డు మీదికి వచ్చాక కూడా వదల్లేదు. ఒక ఏడాదికి తగ్గించమని అడిగి చూస్తానన్నాడు. అడుగు అన్నాను. ఇస్తారో లేదో తెలీదు. సర్దుకుపోతానని ఎవరమూ అనలేదు. మర్నాడు సాయంత్రం ఒకాయమా స్టేషన్‌లో రైలు తలుపు మూసుకుంటుంటే, అంతమందిలో, తెలుగులో, గట్టిగా “నాకు నువ్వు పోవుడు ఇష్టం లేదు!” అని అరిచాడు. జనమంతా తిరిగి చూశారు. నరితా దాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఇది మౌంట్ ఆల్బర్ట్‌లో ఆ సోఫాలోనే కూర్చుని రాస్తున్నాను. ఏడాదికి తగ్గించడం కుదరదని కంపెనీ వాళ్ళు మొన్ననే చెప్పారు. వెళ్ళకముందు అతని మీద బెంగ ఉండేది గాని, ‘ఇలాగే ఉందామనుకున్నాం కదా’ అన్న ఊరట కూడా ఉండేది. ఆ ఊరట ఇప్పుడు లేదు. అడిగుంటే వచ్చేవాడే అని తెలిశాక బెంగ రెట్టింపైంది. అయినా తెలియకుండా ఉండటమే బావుండేదని మాత్రం అనను. ఇప్పుడు ఏడింటికి ఫోను మోగితే ‘తిన్నావా’ అని అడగను. ఈ రోజు ఎంత బెంగగా ఉందో ముందు చెబుతాను, అతనూ చెబుతాడు. పది నిమిషాలు ఇట్టే అయిపోతాయి.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. టూరిస్ట్ కౌంటర్‌లో అడిగితే కోట చూడ్డానికి గంట చాలంటారు, తిరుగు టాక్సీ కూడా ఆ లెక్కనే బుక్ చేస్తారు. వినకండి. పొద్దుటి టాక్సీకే వెళ్ళి, ఆఖరి దాని టైం రాసి పెట్టుకుని, పైన కనీసం మూడు గంటలు మీ చేతిలో ఉంచుకోండి. మేం కూడా గంట చాలనుకునే వెళ్ళాం.